సూది గురించి రెండు నిమిషాలు

ఆ పెద్దాసుపత్రిలో మెట్లు దిగి ఎడమచేతి వైపు తిరిగితే లాండ్రీ. పదకొండు యంత్రాలు. వాటిలో రెండు ఎప్పుడూ జ్వరమొచ్చినట్టు మూలుగుతూనే ఉంటాయి. రోజుకి రెండు వేల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు మూటలు మూటలుగా వార్డుల నుంచి దిగొస్తాయి. అవి ముందుగా వచ్చి పడేది ఒక పొడవాటి ఇనప బల్ల మీద. ఆ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా నిలబడ్డ మనిషిని అందరూ గుసగుసమ్మ అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ మాట్లాడితే పక్కనున్నవాళ్ళు తల వంచి చెవి దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. పనిలో మాత్రం ఆవిడకి సాటి లేదు. మూట విప్పకముందే ఇది ఏ వార్డు నుంచి వచ్చిందో వాసన బట్టి చెప్పేస్తుంది. ఏ యంత్రం బెల్టు ఎప్పుడు తెగబోతుందో చప్పుడు విని పసిగడుతుంది. పధ్నాలుగు మందికి పెద్దదిక్కు. యంత్రాల హోరులో ఎలాగూ మాటలు వినపడవు కనక అక్కడ అందరిదీ చేతి సైగల భాషే. అలా ఆవిడ గొంతు లేని లోటు ఇరవై రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు.

ఆ గొంతు పోయింది పదేళ్ళ వయసులో. బడిలో ఏదో సభ. వేదిక మీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు, వాళ్ళకి ఒకరంటే ఒకరికి పడదని ఊరంతా తెలుసు. ఈ పిల్ల చేయాల్సిందల్లా ముందుకొచ్చి, "ఇప్పుడు పెద్దలు మాట్లాడతారు" అని చెప్పడం. వచ్చింది, చేతులు కట్టుకుంది, గట్టిగా చెప్పింది: "ఇప్పుడు పెద్దలు పోట్లాడతారు." హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఒకాయనైతే కుర్చీలోంచి జారినంత పనయింది. నవ్వినవాళ్ళు ఇంటికెళ్ళే లోపే మర్చిపోయి ఉంటారు. ఆ పిల్ల మాత్రం ఆ నవ్వుని గొంతులో పెట్టుకుని ముప్పై ఆరేళ్ళు మోసింది.

ఇక అసలు సంగతి. ఒక నెల పదకొండో తారీఖు పొద్దున, బల్లకి అవతలి వైపు పనిచేసే పొడుగమ్మాయి ఒక దుప్పటి మూట విప్పుతూ "అబ్బా!" అంది. యంత్రాల హోరులో అది ఎవరికీ వినపడలేదు. కానీ గుసగుసమ్మ చూసింది. చేతి తొడుగు చీల్చుకుని చూపుడువేలిలో సూది దిగబడి ఉంది. ఇంజెక్షను సూది. ఎవరికి పొడిచిందో, ఆ రోగికి ఏ జబ్బుందో దేవుడికే ఎరుక.

వేలు కడిగారు, రక్తం తీశారు, మందులిచ్చారు. "ఆరు వారాలకి ఒక పరీక్ష, మూడు నెలలకి ఇంకొకటి. అప్పటిదాకా ఏమీ చెప్పలేం" అన్నారు. పొడుగమ్మాయికి ఇరవై ఏడేళ్ళు, నాలుగేళ్ళ కూతురు. మర్నాటి నుంచి ఆ అమ్మాయి నవ్వడం మానేసింది.

ఆ ఏడాది అది మూడో సూదిపోటు. మొదటి రెండింటికీ గుసగుసమ్మ పైకి ఉత్తరాలు రాసింది. "పరిశీలిస్తాం" అని జవాబొచ్చింది. రెండోదానికీ అదే ముక్క, తేదీ మాత్రం మారింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇప్పుడు మూడో ఉత్తరం రాయడానికి కలం తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకుంది.

నెల తిరక్కుండానే ఆసుపత్రి వార్షిక సమావేశం ఉంది. ప్రతి విభాగానికీ ఐదు నిమిషాలు. లాండ్రీ తరఫున ఎప్పుడూ స్టోర్స్ ఆఫీసరే ఏదో కాగితం చదివేసి దిగేవాడు. ఈసారి కూడా ఆయన కిందకి వచ్చి, "రాసివ్వమ్మా, నేను చదివేస్తాను. నీకెందుకు ఆ శ్రమ" అన్నాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. సరేనని తల ఊపబోయింది.

పొడుగమ్మాయి మధ్యలో అడ్డొచ్చింది. "అక్కా, ఆయన ఏ రోజైనా ఈ బల్ల దగ్గర నిలబడ్డాడా? ఆయన చదివితే అది ఇంకో కాగితం. నువ్వు చెప్పు."

"నా గొంతు నీకే వినపడదు కదే."

"వినపడేలా చెప్పక్కా." ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకోసం."

ఆ మాటకి ఎదురు లేదు. గుసగుసమ్మ స్టోర్స్ ఆఫీసరు వైపు తిరిగి, "నేనే మాట్లాడతాను సార్" అంది. ఆయన, "ఏంటి?" అన్నాడు. వినపడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మొగుడు కంచం పక్కకి జరిపి నోరు తెరిచాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, మంచివాడే, కానీ నోటికి బ్రేకు లేదు. "మూడొందల మంది ముందా? నువ్వా? నాకిప్పుడే కాళ్ళు వణుకుతున్నాయి" అన్నాడు.

"నీ కాళ్ళతో పనేముందిరా, మాట్లాడేది అది కదా," అంది అత్తగారు కుర్చీలోంచి.

ఈ అత్తగారి గురించి కాస్త చెప్పాలి. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. మోకాళ్ళు మొరాయించాయి గాని బుర్ర కత్తిలా ఉంటుంది. కోర్టులో ముప్పై నాలుగేళ్ళు స్టెనోగా చేసింది. లాయర్లు, సాక్షులు, దొంగలు, పోలీసులు ఎవరేం మాట్లాడినా షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించడమే పని. తను నోరు విప్పింది తక్కువ, విన్నది మాత్రం కొండంత.

"ముప్పై నాలుగేళ్ళు మంది మాటలు రాశానమ్మాయ్," అంది. "ఎవరి మాట జడ్జి చెవికెక్కుతుందో, ఎవరి మాట గోడకెక్కుతుందో నాకు తెలుసు. రేపు పొద్దున్నే రాసుకుని రా."

మర్నాడు కోడలు నాలుగు పేజీలు రాసుకొచ్చి వంటగదిలో నిలబడి చదివింది. అత్తగారు కళ్ళు మూసుకుని పెన్సిలుతో గిలికింది. అయ్యాక తను రాసుకున్నది తిరిగి చదివి వినిపించింది. గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి, గౌరవనీయులైన వైద్యులకి, గౌరవనీయులైన నర్సులకి, మా విభాగం స్థాపించిన నాటి నుంచి... తన మాటలే ఇంకొకరి నోట వింటుంటే కోడలికే ఆవలింత వచ్చింది.

"సూది ఎక్కడుంది?" అడిగింది అత్తగారు.

"మూడో పేజీలో అత్తయ్యా."

"అప్పటికి సగం మంది ఇంటి దగ్గర గ్యాసు కట్టేశామా లేదా అని ఆలోచిస్తుంటారు. సూదితో మొదలుపెట్టు. ఆ రోజు ఏం జరిగిందో నాకు చెప్పు. చదవకు, చెప్పు."

చెప్పింది. చెప్పడం మొదలెట్టాక కాగితం చూడలేదు. పొడుగమ్మాయి వేలు, తొడుగు మీద ఎర్రటి చుక్క, కడుగుతున్నప్పుడు ఆ పిల్ల "నా కూతురికి ఏమీ కాదు కదక్కా" అనడం, అన్నీ వరసగా వచ్చేశాయి. అత్తగారి పెన్సిలు మధ్యలో ఆగిపోయింది.

"ఏమైంది అత్తయ్యా, తప్పు చెప్పానా?"

"లేదు. రాయడం మర్చిపోయాను," అంది ఆవిడ. "ముప్పై నాలుగేళ్ళలో ఇలా మూడు సార్లే అయింది."

మాట దొరికింది, ఇక గొంతు దొరకాలి. వాళ్ళుండేది మూడో అంతస్తు. బయట పొడవాటి వరండా. అత్తగారు ఆ చివర కుర్చీ వేయించుకుంది, కోడలు ఈ చివర నిలబడాలి. వినపడని మాటకల్లా ఆవిడ పెన్సిలుతో కుర్చీ చెయ్యి మీద టక్కుమని కొట్టేది. మొదటి రోజంతా టకటకలే, వడ్రంగి పిట్ట దిగిందా అన్నట్టు.

"అరవకు," అనేది. "అరిస్తే గొంతు చిరుగుతుంది. పొట్టలోంచి ఊపిరి తీసి, ఆ ఊపిరి మీద మాటని కూర్చోబెట్టి పంపు." నేల మీద పడుకోబెట్టి, పొట్ట మీద మడతపెట్టిన తువ్వాళ్ళు నాలుగు పెట్టి, ఊపిరి తీసినప్పుడల్లా అవి లేవాలంది. మొగుడు డిపో నుంచి వచ్చి చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది దీనికి?" అంటే, "భాషణం," అంది తల్లి ముక్తసరిగా.

నాలుగో రోజుకి టకటకలు తగ్గాయి. వారానికి పక్క వాటాల వాళ్ళు తలుపులు తీసి వినడం మొదలుపెట్టారు. ఎదురింటి ముసలాయన రెండో రోజు నుంచే ఉచిత సలహాలు కూడా ఇచ్చాడు.

గొంతు వచ్చాక హడావుడి వచ్చిపడింది. భయం కొద్దీ మాటల్ని తోసుకుంటూ పోయేది, వెనకాల కుక్క తరుముతున్నట్టు. "ఎక్కడికమ్మాయ్ ఆ పరుగు? వాక్యం అయిపోయాక ఆగు. నువ్వు ఆగినప్పుడే వాళ్ళు నువ్వు చెప్పింది ఆలోచిస్తారు," అనేది అత్తగారు. "ఇంకోటి. మూడొందల మందిని చూడకు, ఎవరి తరమూ కాదు. ఒక వాక్యం ఒక మనిషికి చెప్పు. తర్వాతి వాక్యం ఇంకో మనిషికి."

అన్నిటికన్నా కష్టమైన పాఠం వేరే ఉంది. ఒకసారి కోడలు కోపంలో, "ఈ నర్సులకి ఒళ్ళు కొవ్వు" అనేసింది. అత్తగారు పెన్సిలు పక్కన పెట్టేసింది. "ఆ హాల్లో కూర్చునేది ఎవరు?"

"నర్సులే ఎక్కువ."

"వాళ్ళతో నీకు పనుందా, పగ ఉందా? తిడితే వాళ్ళు నువ్వు చెప్పింది వినరు, నీకేం జవాబు చెప్పాలా అని చూస్తారు. నీకేం కావాలో అది అడుగు. రేపు పొద్దున డ్యూటీకెళ్ళి వాళ్ళు చేయగలిగింది ఒక్కటి. రెండు అడిగావో, రెండూ చెయ్యరు."

గుసగుసమ్మ ఆ రాత్రి దాని గురించే ఆలోచించింది. నర్సుల కష్టం ఆవిడకి తెలియంది కాదు. ఒక్కొక్కరికి పదిహేను మంచాలు. ఎవరూ కావాలని సూది వదలరు. అలా ఆలోచించాక కోపం కాస్త చల్లబడింది, అడగాల్సింది మాత్రం గట్టిపడింది.

సమావేశానికి మూడు రోజుల ముందు మధ్యాహ్నం భోజనాల వేళ యంత్రాలు ఆపించి, తన పధ్నాలుగు మంది ముందు నిలబడింది. యంత్రాలు ఆగిన లాండ్రీ ఆవిడకే కొత్తగా అనిపించింది, చీమ చిటుక్కుమన్నా వినపడుతోంది. మొదటి రెండు వాక్యాలు బాగానే చెప్పింది. మూడోది రాలేదు. నోరు తెరిచింది, మూసింది, నీళ్ళు నమిలింది. ఎవరో దగ్గారు. అది నవ్వులా వినిపించింది. అంతే, ఏప్రాన్ విప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి, "నావల్ల కాదత్తయ్యా," అంది.

"ఏమైంది?"

"మర్చిపోయాను."

"మర్చిపోతే మర్చిపోయానని చెప్పు." అత్తగారు అది పెద్ద విషయమే కాదన్నట్టు అంది. "కోర్టులో గడగడా అప్పజెప్పే సాక్షిని ఏ జడ్జీ నమ్మడు. 'ఒక్క క్షణం ఆగండి, గుర్తు చేసుకుంటాను' అనే సాక్షిని నమ్ముతాడు. మర్చిపోవడం మనుషుల లక్షణం. పారిపోవడం ఒక్కటే తప్పు."

మర్నాడు వెళ్ళి మళ్ళీ యంత్రాలు ఆపించింది. ఈసారి చివరిదాకా చెప్పింది. దుప్పట్లలో ఏమేం దొరుకుతాయో చెబుతూ, ఒక పెద్దాయన పళ్ళసెట్టు సంగతి ఎత్తుకుంది. "పరుగెత్తుకెళ్ళి ఇచ్చాం. పాపం థాంక్స్ చెబుదామనుకున్నాడు, పళ్ళు పెట్టుకునేదాకా ఆగాల్సి వచ్చింది." పధ్నాలుగు మందీ పడీ పడీ నవ్వారు. ఆవిడ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత తెలిసింది, ఈ నవ్వు తను రప్పించింది. పొడుగమ్మాయి కూడా నవ్వింది, దాదాపు నెల రోజుల తర్వాత.

సమావేశం రోజు రానే వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో డాక్టర్లు, వెనక తెల్ల బట్టల్లో నర్సుల బారులు, ఆ వెనక గోడకి ఆనుకుని వార్డు ఆయాలు, కాపలావాళ్ళు. లాండ్రీ వంతు చిట్టచివర. వాళ్ళకి ముందు కొనుగోళ్ళ మేనేజరు. ఆయన తెర మీద గీతల బొమ్మలు వేసి, ఐదు నిమిషాలకి పధ్నాలుగు నిమిషాలు తిన్నాడు. జనం గడియారాలు చూసుకోవడం మొదలెట్టారు. సూపరింటెండెంట్ మైకు అందుకుని, "లాండ్రీ వాళ్ళు దయచేసి రెండు నిమిషాల్లో ముగించాలి. అందరికీ డ్యూటీలున్నాయి," అన్నాడు.

గుసగుసమ్మ అక్కడికక్కడే కోతలు మొదలుపెట్టింది. మూడు వారాలు నలిపి నలిపి ఐదు నిమిషాలకి కుదించిన మాటలవి. పళ్ళసెట్టు పోయింది, లాండ్రీ లెక్కలు పోయాయి, థాంక్సులు కూడా పోయాయి. చంకలో మడతపెట్టిన దుప్పటితో మెట్లెక్కుతూ మనసులో ఒక్కటే అనుకుంది: సూది.

మైకు పొడుగాటి మేనేజరు నోటికి అమర్చి ఉంది, ఆవిడ నుదుటికి వస్తోంది. కిందకి లాగితే కీచుమంది. దాన్ని వదిలేసి పక్కకి వచ్చి నిలబడింది. పొట్టలోంచి ఊపిరి తీసుకుంది. హాలు చివర గోడ దగ్గర నిలబడ్డ కాపలా మనిషిని చూసి అతనికే చెప్పింది.

"పోయిన నెల పదకొండో తారీఖు పొద్దున, కింద లాండ్రీలో ఒక దుప్పటి విప్పుతుంటే మా అమ్మాయి వేలికి సూది దిగింది."

కాపలా మనిషి తల ఎత్తాడు. వినపడింది!

ఆగింది. తర్వాతి వాక్యం ఒక నర్సుకి. "ఆ సూది ఎవరికి వాడిందో తెలీదు. అందుకని మా అమ్మాయి మూడు నెలలు ఆగాలి. ఇవాళ్టికి ఇరవై ఏడు రోజులు."

తర్వాతిది రెండో వరసలో కళ్ళజోడు డాక్టరుకి. "ఇంట్లో తన గ్లాసు వేరే పెట్టుకుంటోంది. అక్కర్లేదని మీ డాక్టర్లే చెప్పారు. అయినా నాలుగేళ్ళ కూతురు ముద్దు పెట్టబోతే మొహం తిప్పుకుంటోంది."

గడియారాలు చూసుకుంటున్న చేతులు కిందకి దిగాయి. సరిగ్గా అప్పుడు, తర్వాతి మాట జారిపోయింది. మెదడు తుడిచిన పలకలా అయిపోయింది. మూడొందల మొహాలు. ఆవిడలోని పదేళ్ళ పిల్ల కాళ్ళు వెనక్కి తిరగబోయాయి.

"ఒక్క క్షణం ఆగండి," అంది. "మర్చిపోయాను. గుర్తు చేసుకుంటాను."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక ముసలి డాక్టరు, తొందరేం లేదన్నట్టు చెయ్యి ఊపాడు. హాలంతా ఆవిడ కోసం ఆగింది. ఆ ఆగడంలోనే మాట తిరిగొచ్చింది.

"దుప్పటి తీసేటప్పుడు దులపమని అడగడం లేదు, దులిపితే క్రిములు లేస్తాయి. చుట్టేముందు పరుపు మీదే ఉంచి, తల నుంచి కాళ్ళదాకా ఒకసారి చూడండి. అంతే. ఎంతసేపు పడుతుందో చూపిస్తాను."

చంకలోని దుప్పటిని వేదిక మీది బల్లపై పరిచింది. తల వైపు నుంచి చూపు మెల్లగా కిందకి దించుకుంటూ వచ్చింది. మూడొందల మందీ ఆ చూపుతో పాటే దిగారు. కాళ్ళ వైపుకొచ్చాక తలెత్తింది.

"ఆరు సెకన్లు," అంది. "అది చాలు మాకు."

దిగబోతుంటే, కళ్ళజోడు డాక్టరు చెయ్యెత్తాడు. ఆయన సర్జరీ వార్డు పెద్ద, ముక్కు మీద కోపం ఉన్నవాడని పేరు. "ఆ సూది ఏ వార్డు నుంచి వచ్చింది?" అన్నాడు కటువుగా.

ఆవిడకి తెలుసు, మూట వాసన చూసినప్పుడే తెలుసు.

"ఏ వార్డో తెలుసండీ. కానీ చెప్పను," అంది. "చెబితే ఇవాళ ఒక్క వార్డు జాగ్రత్తపడుతుంది. చెప్పకపోతే రేపు అన్ని వార్డులూ జాగ్రత్తపడతాయి."

ముందు ఒకరు నవ్వారు, తర్వాత పదిమంది, ఆ తర్వాత చప్పట్లు. డాక్టరు కూడా ఓడిపోయినట్టు తలూపి, తనూ చప్పట్లు కలిపాడు. నర్సుల పెద్ద, మేట్రన్, లేచి నిలబడింది. ఆవిడ మాటకి ఆ ఆసుపత్రిలో తిరుగులేదు. "సార్, దీనికి కమిటీ అక్కర్లేదు," అంది సూపరింటెండెంట్ వైపు చూసి. "రేపు ఉదయం షిఫ్టు నుంచే మొదలుపెడతాం." ఆయన మైకులో "ఆమోదం" అన్నాడు, మైకు కీచుమంది, ఎవరూ పట్టించుకోలేదు.

గోడ పక్కన నిలబడ్డ లాండ్రీ జనం ఆగలేదు. ఈలలు వేశారు, గోడలు చరిచారు. పొడుగమ్మాయి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆవిడని అమాంతం పైకి ఎత్తేసింది. "దించవే, నడుం పోతుంది నీకు!" అని గుసగుసమ్మ అరిచిన అరుపు వీధిలోకి వినపడింది.

ఇంటి దగ్గర అత్తగారు మొత్తం చెప్పించుకుంది, ఒకటికి రెండుసార్లు. రెండు నిమిషాలకి కుదించారన్న దగ్గర మొహం మాడ్చింది. ఆరు సెకన్ల దగ్గర ముందుకి వంగింది. డాక్టరు ప్రశ్న, దాని జవాబు విన్నాక, "ఆ మాట నేను నేర్పలేదే," అంది.

"లేదత్తయ్యా. అప్పటికప్పుడు వచ్చింది."

అత్తగారు, లేవనని మొండికేసే మోకాళ్ళ మీద లేచి, స్వయంగా టీ పెట్టి కోడలి చేతికిచ్చింది.

రెండు నెలల తర్వాత పొడుగమ్మాయి ఆఖరి పరీక్ష ఫలితం వచ్చింది. ఏమీ లేదు. కాగితం పట్టుకుని మెట్లు మూడేసి చొప్పున దిగొచ్చి, యంత్రాలన్నీ తనే ఆపేసింది. మధ్యాహ్నం తన కూతుర్ని తీసుకొచ్చి అందరి ముందూ ముద్దులు పెట్టుకుంది. సమావేశం తర్వాత ఆ రెండు నెలల్లో ఇనప బల్ల మీదికి ఒక్క సూది కూడా రాలేదు. అంతకు ముందు ఏడాదిలో, వేళ్ళలో దిగినవీ విడిగా దొరికినవీ కలిపి, పంతొమ్మిది వచ్చాయి.

ఆ తర్వాతి నెల సూపరింటెండెంట్ ఆఫీసు నుంచి ఉత్తరం. కొత్తగా చేరే నర్సులకి మొదటి రోజు శిక్షణలో లాండ్రీ తరఫున మాట్లాడవలసిందిగా కోరడమైనది. మొగుడు ఆ కాగితాన్ని డిపోకి పట్టుకెళ్ళి, బస్సుల కింద పడుకున్నవాళ్ళని సైతం బయటికి లాగి చదివించాడు.

సోమవారం పొద్దున్నే నలభై రెండు మంది కొత్త నర్సులు కుర్చీల్లో సర్దుకుంటున్నారు. ఎవరో మైకు తెచ్చి ముందు పెట్టబోయారు.

"వద్దు నాయనా, తీసెయ్," అంది ఆవిడ. వెనక వరస దాకా అందరి మొహాలూ ఒకసారి తీరిగ్గా చూసుకుంది. "అమ్మాయిలూ, మీలో సభలో నిలబడి మాట్లాడాలంటే భయం ఎంతమందికి?"

దాదాపు అన్ని చేతులూ లేచాయి.

"మంచిది," అంది. "అయితే మనకి బాగా కుదురుతుంది." అని మొదలుపెట్టింది.